ఆదివారం సాయంత్రం భయాలు

కళ్ళద్దాల షాపు, వెనక గది

అక్కా,

ఆ ఫొటో కింద అందరూ హృదయాలు గుప్పించారు, సరే. అత్తయ్య 'మా సింహం' అంది, సరే. నువ్వు మాత్రం 'వారం వారం షికార్లు, అయినా మా పిట్ట మొహం మాడ్చుకునే ఉంటుంది' అని రాశావు. చదివి అందరూ నవ్వారు. పుట్టింట్లోనూ అంతే, అత్తింట్లోనూ అంతే, నేను మొహం మాడ్చుకున్న మనిషిని. ఎందుకు మాడిందో చూడ్డానికి మాత్రం ఒక్కరూ వంగరు.

ఫోన్లో చెప్పొచ్చుగా అంటావు. నువ్వు ఫోనెత్తగానే అత్తయ్య స్పీకరు పెట్టమంటుంది. మెసేజీ పెడదామంటే మా ఇంట్లో అందరి ఫోన్లకీ, పిల్లలు బొమ్మలు చూసే ట్యాబుకీ ఒకటే ఖాతా. నేను ఇక్కడ నొక్కింది అక్కడ తేలుతుంది. అందుకే కాగితం మీద, నీ స్కూలు అడ్రసుకి రాస్తున్నాను. ఇంటికి పట్టుకెళ్ళకు.

ఆ ఫొటోలో పెద్దాడు నల్లటి బండ మీద రెండు చేతులూ పైకెత్తి, నోరంతా తెరిచి నిలబడ్డాడు. వెనక సముద్రం. నవ్వుతున్నాడని మీరనుకున్నారు. వాడు 'అమ్మా' అని అరుస్తున్నాడు.

మొదటి నుంచీ చెప్తాను. మీ మరిది ఫ్యాక్టరీలో సేఫ్టీ ఆఫీసరని నీకు తెలుసుగా. అక్కడ ప్రతి సోమవారం పనివాళ్ళని నిలబెట్టి, ఎవరికి ఎక్కడ ప్రమాదం కనిపిస్తోందో ఒక్కొక్కరి చేతా చెప్పిస్తారట. చెప్పినదాన్ని ఆ వారంలో సరిచేస్తారట. మంచి పద్ధతే. దాన్ని ఇంటికి తెచ్చారు. ఆదివారం సాయంత్రం భోజనాల బల్ల చుట్టూ కూర్చుంటాం. ఎవరికి ఏమంటే భయమో చెప్పాలి. పైవారం సాహసం అక్కడికే. ఆయన షికారు అనరు, సాహసం అంటారు. పిల్లలకీ అదే మాట అలవాటైంది.

పెద్దాడు అలలంటే భయమన్నాడు. ఆరేళ్ళవాడు అలలకి కాక దేనికి భయపడతాడు? శనివారం పొద్దున్న సముద్రం వెనక్కి తగ్గి ఉన్నప్పుడు ఆయన వాణ్ణి ఎత్తుకుని తీసుకెళ్ళి ఆ బండ మీద నిలబెట్టారు. తిరిగొచ్చి ఇసకలో కూర్చున్నారు. 'నీ అంతట నువ్వే దిగి రావాలి నాన్నా' అన్నారు. వాడు దిగలేదు. నీళ్ళు మళ్ళీ పెరగడం మొదలుపెట్టాయి. నేను లేవబోతే చెయ్యి పట్టుకుని ఆపారు. 'లెక్క చూసుకునే వచ్చాను. ఇంకా చాలా టైముంది.'

చెయ్యి విదిలించుకుని వెళ్ళాను. నేను బండ దగ్గరికి చేరేసరికి నీళ్ళు నా నడుము దాకా వచ్చాయి. వాణ్ణి భుజానికెత్తుకుని ఒడ్డుకొస్తుంటే ఆయన ఫోన్లో ఆ ఫొటో మీకు పంపుతున్నారు. 'ఇంకాస్త ఆగితే వాడే వచ్చేవాడు. చెడగొట్టావు' అన్నారు. కోపంగా కాదు. మార్కులు తగ్గిన పిల్లని చూసి మేష్టారు నొచ్చుకున్నట్టు.

మాడిన మొహం కథ ఇదీ. బావకి చెప్పకు. నాకూ నీకూ మధ్యే ఉండనీ.

పిట్ట

*

స్కూలు, స్టాఫ్‌రూము

ఏమే పిట్టా,

విదేశీ స్టాంపు చూసి సైన్సు మేష్టారు 'ఏంటి టీచరుగారూ, ప్రేమలేఖా?' అన్నాడు. 'నాకిప్పుడు ప్రేమలేఖ రాసే ధైర్యం ఎవడికుందండీ, మా చెల్లెలు' అన్నాను. చదివాక మాత్రం నవ్వు రాలేదు. రెండు పీరియడ్లు పిల్లలకి లెక్కలు ఇచ్చేసి కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను.

కానీ ఒకటి అడుగుతాను, కోప్పడకు. నడుము దాకా అంటున్నావు, నిజంగా నడుమేనా? నువ్వు చిన్నప్పుడు మేడ మెట్ల మీద పాము ఉందని అరిస్తే వీధంతా కర్రలు పట్టుకొచ్చింది. తీరా చూస్తే పరికిణీ బొందు. నీ కళ్ళు ఒకటి చూస్తే నీ బుర్ర రెండు చేస్తుంది. అందుకే కళ్ళద్దాల షాపులో చేరావనుకుంటాను.

మరిది పిల్లల్ని గుండెల మీద పెట్టుకుని పెంచే మనిషి. చిన్నది పుట్టినప్పుడు నీ కంటే ఎక్కువ రాత్రులు మేలుకున్నది ఆయనే అని నువ్వే అన్నావు. పదిమందికి ప్రమాదం రాకుండా చూడ్డమే ఆయన ఉద్యోగం. సొంత కొడుకుని సముద్రంలో వదులుతాడా? మీ బావని చూడు. ఆదివారం వస్తే సోఫాకి అతుక్కుపోతాడు. మా వాడు తండ్రి పక్కన కూర్చుని తండ్రిలాగే బొజ్జ పెంచుతున్నాడు. బల్లి కనిపిస్తే ఇద్దరూ మంచమెక్కి నన్ను పిలుస్తారు. వీళ్ళని ఒక్కసారి కొండో కోనో ఎక్కించే మగాడు ఈ ఇంట్లో ఉంటే బాగుండునని నేను అనుకోని రోజు లేదు.

అక్కాచెల్లెళ్ళం ఒకే ఇంటికి కోడళ్ళుగా వచ్చాం. నీకూ నాకూ ఒకటే అత్తగారు. నువ్వు అక్కడ తుమ్మితే నాకు ఇక్కడ జలుబు చేస్తుంది. అది గుర్తుపెట్టుకుని రాయి, గుర్తుపెట్టుకుని నడుచుకో. నీ భయాన్ని పిల్లలకి అంటించకు.

మీ బావకి చెప్పలేదులే.

అక్క

*

కళ్ళద్దాల షాపు, వెనక గది

అక్కా,

నడుమే. ఆ రోజు వేసుకున్న ప్యాంటు మీద ఉప్పు చార ఎక్కడి దాకా ఉందో చూపించగలను. పాము సంగతి ఇంకో ఇరవై ఏళ్ళు వాడుకో.

నీ ఉత్తరం వచ్చేలోపు ఇక్కడ ఒక తమాషా జరిగింది. మొదట నవ్వుకో. పెద్దాడు తెలివిమీరాడు. ఆదివారం బల్ల దగ్గర వాడి వంతు రాగానే కాళ్ళూపుతూ 'నాకు ఉయ్యాలంటే భయం' అన్నాడు. నేను నీళ్ళు తాగుతున్నాను, కొంచెముంటే ముక్కులోంచి వచ్చేవి. ఆ శనివారం పార్కుకెళ్ళాం. ఉయ్యాల ఎక్కి వాడు ఎంత బాగా నటించాడనుకున్నావు! కళ్ళు మూసుకుని 'అయ్యబాబోయ్' అంటాడు, ఒక కన్ను తెరిచి నన్ను చూస్తాడు. ఆ తర్వాత వారం బాతులంటే భయమన్నాడు. చెరువు దగ్గర పొద్దంతా బాతుల్ని చూస్తూ కూర్చున్నాం. ఈ దేశానికి వచ్చాక నేను సంతోషంగా గడిపిన శనివారాలు ఆ రెండే. రెంటికీ ఫొటోలు లేవు. ఆయనకి పంపదగ్గవిగా అనిపించలేదు.

చిన్నదానికి నాలుగేళ్ళు. దానికి ఇంకా అబద్ధం చేతకాదు. అన్న దానికి బాగానే నూరిపోశాడు, స్నానాల గదిలో విన్నాను. 'నువ్వు కుందేలంటే భయమని చెప్పు. అర్థమైందా? కుందేలు.' 'కుందేలు మంచిది కదా?' 'అందుకేనే మొద్దూ!' తీరా బల్ల దగ్గర కూర్చోగానే తండ్రి ఒళ్ళోకెక్కి, మెడ చుట్టూ చేతులు వేసి, 'చీకటంటే' అంది. పెద్దాడు నా వైపు చూసిన చూపు ఆరేళ్ళ పిల్లాడిది కాదు.

ఊరి బయట రైళ్ళు నడవని పాత సొరంగం ఒకటుంది. పిల్లలకి చిన్న హెల్మెట్లు కొన్నారు. మెళ్ళో ఈలలు వేశారు. సంచిలో పళ్ళ ముక్కలు, పట్టీలు, దుప్పటి, అన్నీ ఆయనే సర్దారు. నువ్వు చూసుంటే ఇలాంటి తండ్రి ఎక్కడైనా ఉంటాడా అనేదానివి. సగం దూరం వెళ్ళాక చేతుల్లో టార్చి లైట్లన్నీ ఆర్పించారు. చిన్నదాన్ని అక్కడ నిలబెట్టి మమ్మల్ని ముందుకి నడవమన్నారు. అది మా గొంతుని బట్టి రావాలి. నేను నాలుగడుగులు వేసి ఆగిపోయాను. గోడకి ఆనుకుని, చప్పుడు కాకుండా వెనక్కొచ్చి దాని వేలు పట్టుకున్నాను. అది అరవలేదు. ఏడవలేదు. ఈల నోట్లో పెట్టుకుని ఊదకుండా కొరుకుతోంది. బయటికొచ్చాక చూస్తే ఈల మీద పళ్ళ గాట్లున్నాయి.

నేను వేలు పట్టుకున్న సంగతి ఆయనకి తెలిసింది. మోసం అన్నారు. అంటే ఇంకోసారి వెళ్ళాలి.

అక్కా, ఆయన కొట్టరు. తిట్టరు. తాగరు. గొంతు పెంచరు. నేను ఎవరికి చెప్పినా ఏ మాటతో మొదలుపెట్టాలో తెలియదు. షాపు పెద్దావిడకి చెప్పబోతే 'పిల్లల కోసం అంత తీరిక చేసుకునే మొగుడా?' అని మురిసిపోయింది. చిన్నది ఇప్పుడు పక్క తడుపుతోంది. పగలు కూడా బాత్రూము తలుపు వేసుకోనివ్వదు.

ఇంకొక్క మాట. సొరంగం నుంచి వస్తూ కారులో ఆయన పిల్లలతో అన్నారు: 'మీ పెద్దనాన్న భయపడ్డాడు కాబట్టే కాలు విరిగింది. భయపడకుండా ఉంటే ఏమీ కాదు.' పెళ్ళిచూపులప్పుడు బావ కుంటుతుంటే సైకిలు మీంచి పడ్డాడని కదా మనకి చెప్పారు? అందులో భయపడ్డానికేముంది? కాస్త కనుక్కో.

పిట్ట

*

స్కూలు, స్టాఫ్‌రూము

పిట్టా,

కనుక్కున్నాను. కనుక్కోకపోయినా బాగుండేది.

అత్తయ్య వరండాలో కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. పక్కన కూర్చుని నేనూ ఏరుతూ, ఊరికే అడిగినట్టు అడిగాను. ఏమాత్రం దాచలేదు. 'సైకిలని పెళ్ళివాళ్ళకి చెప్పాం, అంతే' అంది. మామయ్య ఇద్దరు కొడుకుల్నీ ఆదివారాలు రాళ్ళ క్వారీకి తీసుకెళ్ళేవాడట. వానలకి గుంత నిండి ఉంటుంది. అంచు మీంచి నీళ్ళల్లోకి దూకాలి. మరిది పరిగెత్తుకొచ్చి ఒక్క దూకు దూకాడట. మీ బావ అంచు దాకా వచ్చి ఆగాడు. మామయ్య కింద నుంచి పిలిచాడు. సగం మనసుతో దూకితే దూరం చాలక కాలు రాతికి తగిలింది. అప్పుడు పదేళ్ళు.

'ఆగకుండా దూకుంటే బంగారంలా ఉండేవాడు' అంది అత్తయ్య. 'చిన్నాడు అచ్చం వాళ్ళ నాన్నే. పిల్లల్ని ఎలా తయారుచేస్తున్నాడో చూడు' అని ఫోను తీసి ఆ బండ ఫొటో నా మొహం ముందు పెట్టింది. చేటలో బియ్యం మీద నా చెయ్యి ఆగిపోయింది. గదిలో టీవీ సౌండు ఒక్కసారి పెరిగింది. మీ బావ అంతా విన్నాడు.

నువ్వు తిడతావని తెలిసే చెప్తున్నాను. ఆయన మొహం చూశాక నా నోరు ఆగలేదు. నువ్వు రాసిందంతా చెప్పేశాను. ఉత్తరాలు చదవనివ్వలేదు కానీ బండ, సొరంగం, ఆదివారం మీటింగు, అన్నీ చెప్పాను. పెళ్ళయి ఇన్నేళ్ళలో తమ్ముడికి తనంతట తనుగా ఫోను చెయ్యడం నేను చూడలేదు. ఆ రోజు చేశాడు. పెరట్లోకి వెళ్ళి, బట్టలు ఉతికే బండ మీద కూర్చుని మాట్లాడాడు. నేను కిటికీ దగ్గర నిలబడి విన్నాను. 'ఒరేయ్, పిల్లల్నలా చెయ్యకురా. నా మాట వినరా' అన్నాడు. రెండుసార్లు అన్నాడు. అవతల మరిది బాగానే మాట్లాడాడట, నవ్వుతూ 'సరే అన్నయ్యా, నువ్వు కంగారుపడకు' అన్నాడట.

అన్న మాట ఎప్పుడూ కాదనలేదు మరిది. ఇక సర్దుకుంటుంది. పెద్దవాడు మందలించాడు కదా, ఆలోచిస్తాడు. నువ్వు కూడా కాస్త మెత్తబడు. సాధించినట్టు మాట్లాడకు.

అక్క

*

కళ్ళద్దాల షాపు, వెనక గది

అక్కా,

నువ్వు బావకి చెప్పిన సంగతి నీ ఉత్తరం అందకముందే నాకు తెలిసింది. ఎలాగో విను.

ఆదివారం బల్ల దగ్గర ఆయన అన్నారు, ఎంతో మెత్తగా: 'అమ్మకి ఒక భయం ఉంది. మనకి చెప్పలేదు. పెద్దమ్మకి ఉత్తరాల్లో చెప్పింది. మన బల్ల దగ్గర దాపరికాలు ఉండకూడదు కదా?' పిల్లలిద్దరూ నా వైపు తిరిగారు. చిన్నది 'అమ్మా, నీకూ భయమా?' అంది. దాని మొహంలో ఆశ్చర్యమే ఉందో, ధైర్యమే వచ్చిందో నాకు తెలియలేదు.

నేను నోరు తెరిచేలోపు పెద్దాడు అన్నాడు, 'నాకు నాన్నంటే భయం.'

నన్ను కాపాడ్డానికి అన్నాడో, నిజమే చెప్పాడో, రెండూనో. ఉయ్యాలలు, బాతులు అన్నీ పక్కన పెట్టి, కాళ్ళు ఊపడం ఆపి, తలెత్తి అన్నాడు.

ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ క్షణం ఆయన ఆగిపోతారనుకున్నాను, అక్కా. నిజంగా అనుకున్నాను. లేచి వచ్చి వాడి తల నిమిరారు. 'నిజం చెప్పావు. చాలా ధైర్యం కావాలి అలా చెప్పడానికి' అన్నారు. ఆ తర్వాత అన్నారు: 'అయితే వచ్చే వారం సాహసం మనిద్దరిదే. నువ్వూ నేనూ. కొండల్లో టెంటు వేసుకుందాం.'

అర్థమైందా? అలలంటే భయమంటే అలల దగ్గరికి. చీకటంటే చీకట్లోకి. నాన్నంటే భయమంటే నాన్నతోనే, రెండు రోజులు, పక్కన ఎవరూ లేకుండా. ఆయన పద్ధతిలో తప్పు లేదు. చక్కగా కుదిరింది.

పంపనన్నాను. 'వాడి భయం పోవాలని నీకు లేదా?' అన్నారు. పంపనని మళ్ళీ అన్నాను. ఇవాళ గురువారం. కారు తాళాలు నా సంచిలో ఉన్నాయి. శనివారం పొద్దున్న గుమ్మంలో నేనే నిలబడతాను.

పెద్దవాడు మందలించాడు కదా అన్నావు. ఆయనకి మీ ఆయన పెద్దవాడు కాదు. దూకలేక కాలు విరగ్గొట్టుకున్నవాడు.

పిట్ట

*

ఇల్లు, వంటగది

పిట్టా,

స్కూలుకి సెలవు పెట్టి ఇంట్లోనే రాస్తున్నాను, ఎవరు చూస్తే చూడనీ. మూడు రోజులుగా ఫోన్ చేస్తే ఎత్తవు. శనివారం టెంటు ఫొటో వచ్చింది. పెద్దాడు టెంటు ముందు నిలబడి నవ్వుతున్నాడు. అత్తయ్య ఎప్పటిలాగే ఇల్లిల్లూ తిరిగి చూపించొచ్చింది. ఈసారి నేను దాన్ని పెద్దది చేసి చూశాను. ముందు మొహం చూశాను. తర్వాత చేతులు చూశాను. ఎడమ చెయ్యి కోటు లోపల పెట్టుకున్నాడు, కుడి చేత్తో బయట నుంచి మోచేతిని పట్టుకున్నాడు. చలేస్తే ఎవరూ అలా పట్టుకోరు. స్కూల్లో ఆటల పీరియడ్లో పడ్డ పిల్లల్ని రోజూ చూస్తాను, వాళ్ళు పట్టుకుంటారు అలా. మీ బావకి చూపించాను. చూసి ఫోను నాకిచ్చి, కుంటుకుంటూ వీధిలోకి వెళ్ళిపోయాడు. చెప్పులేసుకోలేదు.

ఏమైందే? పిల్లాడికి ఏమైంది?

డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు. కానీ ఒక్కమాట విను, కాళ్ళు పట్టుకుంటాను. అడిగితే ఆడుకుంటూ పడ్డాడని చెప్పు. ఇలాంటివి అక్కడ పెద్ద గొడవవుతాయట. సేఫ్టీ ఆఫీసరు కొడుక్కే ఇలా జరిగిందంటే మరిది ఉద్యోగం నిలుస్తుందా? నువ్వు ఇల్లు దాటితే ఇక్కడ నేనేం మొహం పెట్టుకుని తిరగాలి? నువ్వు వచ్చెయ్ అని రాద్దామని కలం పట్టుకున్నాను. ఎక్కడికి రమ్మనను? ఈ ఇంటికా? పెరట్లో మీ బావ ఫోను విన్నప్పటి నుంచీ అత్తయ్య అంటోంది, పిల్లది మొగుణ్ణి వదిలి వస్తే మర్నాడే తిరుగు టిక్కెట్టు కొనిస్తానని. ఆవిడ అన్నంత పనీ చేస్తుంది. అప్పుడు నిన్ను విమానమెక్కించే చెయ్యి నాదే అవుతుంది.

కొంచెం ఓర్చుకో. సెలవులకి మీ బావని పంపుతాను. అన్నదమ్ములు ఎదురెదురుగా కూర్చుంటే వేరు.

అక్క

*

కళ్ళద్దాల షాపు, వెనక గది

అక్కా,

చూశావు. మొదటిసారి చూశావు. అందుకని అన్నీ రాస్తున్నాను.

నేను గుమ్మంలో నిలబడే అవసరమే రాలేదు. ఆయన శుక్రవారం మధ్యాహ్నం ఆఫీసు కారులో స్కూలుకెళ్ళి, వాణ్ణి అక్కడి నుంచే తీసుకుపోయారు. నేను అప్పుడు ఈ గదిలోనే ఎవరిదో ఫ్రేముకి మర బిగిస్తున్నాను. ఇంటి కారు తాళాలు నా సంచిలోనే ఉన్నాయి. ఆ రెండు రోజులూ ఆయన ఫోను కలవలేదు. మీకు ఫొటో పంపడానికి కలిసింది.

ఆదివారం వచ్చారు. ఏం జరిగిందో ఆయనే చెప్పారు. ఆయన అబద్ధం ఆడరు, అది ఒప్పుకోవాలి. ఎండిన వాగు పక్కన ఒక గట్టుంది. వాణ్ణి పైన నిలబెట్టి, తను కింద నిలబడి, రెండు చేతులూ చాపి 'దూకు, నాన్న పట్టుకుంటాడు' అన్నారట. దూకితే నాన్నంటే భయం పోతుంది. వాడు అంచు దాకా వచ్చి ఆగాడు. మళ్ళీ పిలిచారు. సగం మనసుతో దూకి, చేతి మీద పడ్డాడు.

'అన్నయ్య చేసినట్టే చేశాడు' అన్నారు నాతో. ఆ మాట అంటుంటే ఆయన మొహం ఒక్క క్షణం పదేళ్ళయినా నిండని పిల్లాడిలా అయింది. ఆ రోజు కింద నీళ్ళల్లోంచి చూసినవాడు కదా. ఆ క్షణంలో నాకు జాలేసింది. ఆ జాలి వల్లే మర్నాటి దాకా ఆగాను. బెణుకేనని ఆయన కట్టు కట్టారు. కట్టు బాగానే కట్టారు, నేర్చుకున్న మనిషి. రాత్రంతా వాడు మూలగలేదు. పక్క మీద కూర్చుని గోడ చూశాడు.

సోమవారం నేనే ఆసుపత్రికి తీసుకెళ్ళాను. మణికట్టు విరిగింది. డాక్టరమ్మ నన్ను అడిగింది. ఆడుకుంటూ పడ్డాడని చెప్పాను. అవునక్కా, నువ్వు రాయకముందే, నువ్వు రాసిన మాటే చెప్పాను. ఆవిడ నన్ను వదిలి వాణ్ణి అడిగింది. వాడు ముందు తలుపు వైపు చూశాడు. నాన్న లేడని చూసుకున్నాక కూడా వాడు నాన్న పేరెత్తలేదు. 'నేను భయపడ్డాను, అందుకే విరిగింది' అన్నాడు.

ఇప్పుడు వాడు బల్ల దగ్గర ఏమంటాడో తెలుసా? 'నాకేం భయం లేదు.' ప్రతి ఆదివారం అదే. నవ్వుతూ అంటాడు. ఆయన మురిసిపోతారు. చిన్నది అన్నని చూసి నేర్చుకుంది. 'నాకూ లేదు' అంటుంది, అని కుర్చీ తడుపుతుంది. వచ్చే వారం సిమెంటు కట్టు విప్పుతారు. విప్పిన శనివారమే మళ్ళీ ఆ గట్టు దగ్గరికే వెళ్ళాలని ఆయన నిర్ణయించారు. పడ్డచోటే లేవాలట. పెద్దాడు సరేనన్నాడు. పళ్ళెంలోంచి తలెత్తకుండా సరేనన్నాడు.

నీ ఉత్తరం నిన్న వచ్చింది. ఆడుకుంటూ పడ్డాడని చెప్పు, అని నీ గుండ్రటి అక్షరాల్లో చదివాను. నా నోట్లోంచి వచ్చినప్పుడు అది నాకు మామూలు మాటలాగే ఉంది. కాగితం మీద చూస్తే, సైకిలు మీంచి పడ్డాడని పెళ్ళిచూపుల్లో మనకి చెప్పిన మాటలా ఉంది. అందరూ ఒకే కలంతో రాసినట్టుంది.

ఇవాళ పొద్దున్న మళ్ళీ ఆసుపత్రికెళ్ళాను. ఇలాంటి పిల్లల కేసులు చూసే ఒకావిడ ఉంది అక్కడ, పొట్టి జుట్టు, దగ్గుతూ ఉంటుంది. తలుపు వేసి కూర్చోబెట్టింది. ఏ మాటతో మొదలుపెట్టాలో తెలియక ఆదివారం మీటింగుతో మొదలుపెట్టాను. బండ, సొరంగం, గట్టు, అన్నీ చెప్పాను. ఆయన పేరు, పని చేసే చోటు చెప్పాను. మొదటిసారి నేను అబద్ధం చెప్పానని కూడా చెప్పాను. ఆవిడ మధ్యలో ఎక్కడా 'మంచి తండ్రి' అనలేదు. ఇప్పటి నుంచి పిల్లలు ఆయనతో ఒంటరిగా ఉండకూడదని, ఆ మాట వాళ్ళే ఆయనకి రాతపూర్వకంగా చెప్తారని అంది. ఆయన ఆఫీసుకి కూడా తెలుస్తుందా అని అడిగాను. తెలియొచ్చు అంది.

తిరిగొచ్చి, మధ్యాహ్నం భోజనానికొచ్చిన ఆయనకి నేనే చెప్పాను, వాళ్ళు చెప్పేలోపు. వంటింట్లో నిలబడి విన్నారు. అరవలేదు. గ్లాసు కడిగి బోర్లించారు. 'నువ్వు భయపడి పారిపోతున్నావు' అన్నారు.

'అవును' అన్నాను.

భయపడ్డానని ఒప్పుకుని, అయినా అక్కడికి వెళ్ళనన్న మనిషి ఆ బల్ల దగ్గర ఇంతవరకూ కూర్చోలేదనుకుంటాను.

బావని పంపకు. ఆయన రావాల్సింది ఇక్కడికి కాదు. వస్తే తమ్ముడి ఎదురుగా కూర్చుని మళ్ళీ పదేళ్ళవాడైపోతాడు. నువ్వు ఆ ఇంట్లో ఏం మొహం పెట్టుకుని తిరుగుతావో నాకు తెలియదు. కష్టమే అవుతుంది. అత్తయ్య నిన్ను అంటుంది, నన్ను అనాల్సినవన్నీ నిన్నే అంటుంది. అది తెలిసే చేస్తున్నాను.

షాపు పైన పాత ఫ్రేములు పెట్టుకునే గది ఒకటుంది. పెద్దావిడ ఖాళీ చేయించింది. రెండు మంచాలు పడతాయి. ఈ సాయంత్రమే పిల్లల్ని తీసుకుని అందులోకి మారుతున్నాను. ఆ ఇంటికి తిరిగి వెళ్ళను. మీ ఇంటికీ రాను.

పిట్ట